చిన్న బడ్జెట్‌కి పెద్ద తేడా ఉన్న యాడ్‌లే కావాలి

వైజాగ్‌లో డిజిటల్ మార్కెటింగ్‌లో కొత్తగా చేరినవాళ్లకి రెండు రకాల సలహాలు వినిపిస్తుంటాయి. డిజైన్ వైపు నుంచి వచ్చినవాళ్లు "క్రియేటివ్ అదిరిపోతే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది" అంటారు. రిపోర్టులు చూసేవాళ్లు "అన్నీ టెస్ట్ చెయ్, డేటా ఏం చెప్తే అది చెయ్" అంటారు. రెండో మాట వినడానికి బాగుంటుంది గానీ, అది రోజుకి లక్షల్లో ఖర్చు పెట్టే కంపెనీలకి సరిపోయే మాట. ద్వారకానగర్‌లో ఒక కోచింగ్ సెంటరుకో, గాజువాకలో ఒక ఫర్నిచర్ షాపుకో నెలకి 20,000 రూపాయలతో యాడ్స్ నడిపేవాళ్లకి అన్ని ప్రశ్నలకీ జవాబు చెప్పేంత డేటా రాదు. కాబట్టి ఎంత డేటా వస్తుందో ముందే లెక్కేసుకోవాలి. ఆ కాస్త డేటాలోనూ కనపడేంత తేడా ఉన్న యాడ్‌లు రాయాలి. అంటే లెక్కలు చూసేదీ, రాసేదీ ఒకే మనిషి అయితేనే పని నడుస్తుంది.

ఉదాహరణకి ద్వారకానగర్‌లో డేటా అనలిటిక్స్ కోర్సు చెప్పే ఒక సెంటరు అనుకుందాం. కింద వచ్చే ఖర్చులూ లీడ్స్ (వివరాలు అడిగి ఫోన్ నంబరిచ్చినవాళ్లు) సంఖ్యలూ ఊహించినవే. మీ అంకెలు వేరేగా ఉంటాయి, లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

ముందు చేతిలో ఎంతుందో చూడండి

ఓనరు "నెలకి 20 వేలు" అంటే అది జీఎస్‌టీ కలిపా, విడిగానా అని మొదటి రోజే అడగండి. 18 శాతం కలిపే అయితే యాడ్స్‌కి మిగిలేది దాదాపు 16,950, అంటే రోజుకి 565 రూపాయలు. సెంటరుకి జీఎస్‌టీ నంబరు ఉంటే దాన్ని యాడ్ అకౌంట్ బిల్లింగ్‌లో ఎక్కించాలి. లేకపోతే వాళ్ల ఆడిటరు తర్వాత ఇన్‌పుట్ క్రెడిట్ (కట్టిన జీఎస్‌టీని తమ పన్నులో తగ్గించుకోవడం) కోసం మిమ్మల్నే పట్టుకుంటాడు.

ఒక లీడ్‌కి 100 రూపాయలు పడుతోందనుకుంటే వారానికి 39 లీడ్స్. మెటాలో (ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాడ్స్) యాడ్ సెట్ అంటే ఒకే రకం జనానికి వెళ్లే యాడ్‌ల గుంపు. అది లెర్నింగ్ దశ, అంటే యాడ్‌ని ఎవరికి చూపించాలో మెటా నేర్చుకునే దశ, దాటాలంటే వారంలో సుమారు 50 రిజల్ట్స్ (ఇక్కడ లీడ్స్) రావాలి. అంటే డబ్బంతా ఒకే యాడ్ సెట్‌లో పెట్టినా దాటదు. అలాంటిది కొత్తగా చేరినవాళ్లు ఏం చేస్తారంటే అమ్మాయిలకొకటి, అబ్బాయిలకొకటి, ఉద్యోగస్తులకొకటి అని అయిదు యాడ్ సెట్‌లు తెరుస్తారు. ఒక్కోదానికి వారానికి ఎనిమిది లీడ్స్ వస్తాయి. ఆ ఎనిమిదిలోంచి మెటా నేర్చుకునేదీ ఏమీ ఉండదు, మనం నేర్చుకునేదీ ఉండదు. ఒకటే యాడ్ సెట్ ఉంచి, పక్కన "లెర్నింగ్ లిమిటెడ్" అని కనిపిస్తే కంగారు పడకుండా వదిలేయండి. చిన్న బడ్జెట్‌కి అది మామూలే. ఆ ముద్ర పోగొట్టడానికని లీడ్స్ బదులు లింక్ క్లిక్స్‌కి ఆప్టిమైజ్ చేస్తే ముద్ర పోతుంది, కానీ ఊరికే నొక్కి వెళ్లిపోయే జనం వస్తారు.

ఇక ఏ/బీ టెస్ట్ (రెండు వెర్షన్లని వేరువేరు జనానికి చూపించి పోల్చడం) సంగతి. దీనికో ఉజ్జాయింపు సూత్రం ఉంది. 2 శాతాన్ని 0.02గా రాసుకుని, పోల్చే రెండు రేట్ల సగటు తీసుకోండి. ఆ సగటుని, ఒకటిలోంచి ఆ సగటు తీసేస్తే మిగిలిన దానితో గుణించండి. దాన్ని 16తో గుణించి, రెండు రేట్ల తేడా వర్గంతో భాగించండి. ఒక్కో వెర్షన్‌కి ఎంతమంది కావాలో వస్తుంది. నిజంగా అంత తేడా ఉంటే 80 శాతం సార్లు పట్టుకుంటుంది. లేని తేడాని ఉన్నట్టు చూపించే అవకాశం 5 శాతం.

ల్యాండింగ్ పేజీలో (యాడ్ నొక్కితే తెరుచుకునే పేజీ) ఫారం నింపే రేటు 2 శాతం నుంచి 3కి పెరిగిందా అని తేల్చాలంటే ఒక్కో వెర్షన్‌కి 3,900 క్లిక్కులు కావాలి. క్లిక్కు 6 రూపాయలనుకుంటే (పైన లీడ్‌కి 100 అన్న లెక్కతో దీన్ని కలపొద్దు) రెండింటికీ కలిపి 46,800 రూపాయలు. మీ దగ్గర అంత లేదు. అదే 2 నుంచి 4కి పెరిగిందా అని తేల్చడానికి ఒక్కోదానికి దాదాపు 1,165 క్లిక్కులు, మొత్తం 14,000 రూపాయలు చాలు. అది నెల బడ్జెట్‌లో పడుతుంది.

బటన్ ఆకుపచ్చా నారింజా, హెడ్‌లైన్‌లో "ఇప్పుడే" ఉండాలా వద్దా అన్న టెస్టులు ఈ బడ్జెట్‌లో దండగ అని ఈ రెండు లెక్కలే చెప్తున్నాయి. రేటుని రెండింతలు చేసే అవకాశం ఉన్న తేడాలనే టెస్ట్ చేయగలం. రంగు మారిస్తే రేటు రెండింతలు కాదు. చెప్పే కారణం మారిస్తే కావచ్చు.

కారణాలు దొరికే చోటు

ఆ కారణాలు బ్రెయిన్‌స్టార్మింగ్‌లో అంతగా దొరకవు, సెంటరు వాట్సాప్‌లో దొరుకుతాయి. కౌన్సెలర్ ఫోన్‌లో గత రెండు మూడు నెలల చాట్‌లు తీసుకుని, పేర్లూ నంబర్లూ తీసేసి, 150 దాకా సంభాషణల్ని గూగుల్ షీట్‌లో ఒక్కో వరుసగా పెట్టండి. పేర్లు తీసేయడం మొక్కుబడి కాదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉంది, పైగా ఆ షీట్‌ని రేపు ఏ ఏఐ టూల్‌లోనో ఎక్కించేది మీరే.

ప్రతి వరుసకీ మూడు కాలమ్‌లు: మొదటి ప్రశ్న, చేరే ముందు లేదా మాయమయ్యే ముందు అడిగిన చివరి ప్రశ్న, అడిగింది ఎవరు. మొదటి ప్రశ్న ఎక్కువగా "ఫీజెంత" అనే ఉంటుంది. మాట కలపడానికి అదొక దారి, అంతే. దాన్ని చూసి "జనానికి ఫీజే ముఖ్యం" అనుకుని డిస్కౌంట్ యాడ్ వేసేయడం బాగా జరిగే పొరపాటు. అసలు సంగతి చివరి ప్రశ్నలో ఉంటుంది: "బీకామ్ వాళ్లకి అర్థమవుద్దా అండి", "ఆదివారం క్లాసు ఉందా", "మా అమ్మాయి ఆరింటికల్లా ఇంటికొచ్చేయాలండి". మూడో కాలమ్ కూడా తేలిగ్గా తీసుకోవద్దు. "మా వాడికి", "మా పాపకి" అని మొదలయ్యే మెసేజ్‌లు సగం ఉంటే మీ యాడ్ చదివేది 21 ఏళ్ల కుర్రాడు కాదు, వాళ్ల నాన్న. భాష, ఫొటో, యాడ్ వెళ్లే వయసు అన్నీ మారిపోతాయి.

లెక్క పెట్టేటప్పుడు మన వాళ్ల రాత ఒక చిక్కు. ఒకే ప్రశ్న తెలుగు లిపిలో ఉంటుంది, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగుగా ఉంటుంది, పూర్తి ఇంగ్లీషులోనూ ఉంటుంది. టైమింగ్స్ అన్న మాటకే పది స్పెల్లింగులు. అందుకని పక్క ట్యాబ్‌లో చిన్న పట్టిక పెట్టుకోవాలి: ఎడమ కాలమ్‌లో దొరికిన స్పెల్లింగ్, కుడి కాలమ్‌లో మీ ట్యాగ్. రీజెక్స్‌మ్యాచ్ ఫార్ములాతో (సెల్‌లో ఫలానా మాట ఉందో లేదో చెప్పేది) సులువైనవాటికి ట్యాగ్ వేసి, మిగిలినవి చేత్తో వేయండి. ఆ తర్వాత పివట్ టేబుల్‌తో ఏ ట్యాగ్ ఎన్నిసార్లు వచ్చిందో చూడండి. 150 వరుసలకి ఒక మధ్యాహ్నం పడుతుంది. ఈ పని ఇంటర్న్‌కి అప్పగించకండి. ఆ మెసేజ్‌లు మీ కళ్లతో చదివితేనే రేపు రాసే వాక్యం నోటికొస్తుంది.

గూగుల్ యాడ్స్ నడుస్తుంటే సెర్చ్ టర్మ్స్ రిపోర్టు (ఏ మాటలు వెతికినప్పుడు మీ యాడ్ కనిపించిందో చెప్పేది), సైట్ ఉంటే సెర్చ్ కన్సోల్ (గూగుల్ వెతుకులాటల్లో మీ సైట్ ఎలా కనిపిస్తోందో చూపే టూల్) కూడా చూడండి. సెర్చ్ కన్సోల్‌లో 16 నెలల వెనక దాకా డేటా ఉంటుంది, ఉచితం. ఊరి పేరుని జనం వైజాగ్ అనీ, విశాఖ అనీ, విశాఖపట్నం అనీ వెతుకుతారు. ఇంగ్లీషు స్పెల్లింగ్ తప్పులు అదనం. పేజీ టైటిల్‌లో ఒక్క రూపమే ఉంటే మిగతా వెతుకులాటల్లో మీరు వెనకబడొచ్చు.

ఇలా తీసిన కారణాల్లోంచి ఒకదానికొకటి పోలికే లేని మూడు ఎంచుకోండి. మన సెంటరుకి ఇలా ఉండొచ్చు:

"కోడింగ్ రాదా? మొదటి నెలంతా ఎక్సెలే."

"శని, ఆదివారాలే క్లాసులు. ఉద్యోగం మానక్కర్లేదు."

"అమీర్‌పేట హాస్టల్‌కి కట్టే డబ్బు మిగుల్చుకోండి. కోర్సు ద్వారకానగర్‌లోనే."

మొదటిది భయం మీద, రెండోది టైం మీద, మూడోది అమ్మానాన్నల ఖర్చు మీద. ప్రతి యాడ్‌కీ పక్కన ఒక వాక్యం రాసి తేదీ వేయండి: "ఇది గెలిస్తే, కోడింగ్ భయమే అడ్డు అని తేలుతుంది". ఆ వాక్యం రాయలేకపోతున్నారంటే ఆ యాడ్ ఎంత అందంగా ఉన్నా దాన్నుంచి వచ్చే అంకెలతో ఏం చేయాలో మీకు తెలియదన్నమాట. అంకెలు వచ్చాక కారణం వెతుక్కుంటే ఎలాగూ ఏదో ఒకటి దొరుకుతుంది. అది పనికిరాదు.

నడిపేటప్పుడు చెడేవి

మూడు యాడ్‌లని ఒకే యాడ్ సెట్‌లో పడేస్తే మెటా మొదటి రోజుల్లోనే ఒకదాని వైపు మొగ్గి డబ్బంతా దానికే పెడుతుంది. మిగతా రెండూ ఓడిపోయినట్టు కనిపిస్తాయి, నిజానికి అవి పోటీలోకే దిగలేదు. మామూలు రోజుల్లో లీడ్స్ కావాలంటే ఆ పద్ధతి సరే. ఏ కారణం పనిచేస్తోందో తెలుసుకోవాలంటే మాత్రం మెటా యాడ్స్‌లోనే ఎక్స్‌పెరిమెంట్స్ అనే చోట ఉన్న ఏ/బీ టెస్ట్ వాడండి. అది జనాన్ని విడగొట్టి, ఒకరికి ఒక యాడే చూపిస్తుంది. మూడూ ఒకేసారి పెట్టడానికి డబ్బు చాలదు. రెండేసి చొప్పున నడపండి.

రెండూ ఒకే రోజుల్లో నడవాలి. ఈ వారం ఒకటి, వచ్చే వారం ఇంకొకటి అంటే వైజాగ్‌లో అసలు కుదరదు. ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వస్తాయి, ఫోన్లు మోగుతాయి. సంక్రాంతికి ఊరు సగం ఖాళీ. చందనోత్సవం రోజు జనమంతా సింహాచలంలో. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం పడితే కరెంటూ ఉండదు, నెట్టూ ఉండదు. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు యాడ్స్, షెడ్యూల్ చేసిన పోస్టులు ఆపేయడం మంచిది. డేటా పాడవుతుందని మాత్రమే కాదు, ఊరంతా వార్తలు చూస్తుంటే "సీట్లు నిండిపోతున్నాయ్" అని మెరిసే పోస్టరు ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆపిన తేదీలు షీట్‌లో రాసుకోండి, లేకపోతే రెండు నెలల తర్వాత ఆ పల్లం ఎందుకొచ్చిందో ఎవరికీ గుర్తుండదు. టెస్ట్ ఎంత చిన్నదైనా పూర్తి వారాల్లో నడపాలి. బుధవారం మొదలుపెట్టి శుక్రవారం తీర్పు చెప్తే ఆదివారం ఖాళీగా ఉండి ఫోన్ చూసేవాళ్లంతా లెక్కలోంచి పోతారు.

లొకేషన్ దగ్గర ఇంకో తిరకాసు. యాడ్ ఎక్కడెక్కడ కనపడాలో చెప్పడానికి మెటా మ్యాప్‌లో ఆర్కే బీచ్ దగ్గర పిన్ గుచ్చి చిన్న వృత్తం గీస్తే సగం బంగాళాఖాతంలో పడుతుంది. సముద్రంలో యాడ్ చూసేవాళ్లు లేరు కాబట్టి డబ్బు పోదు, కానీ పెందుర్తి, గాజువాక బయటే ఉండిపోతాయి. ఎన్‌ఏడీ జంక్షన్, గాజువాక, మధురవాడల దగ్గర వేరువేరు పిన్‌లు పెట్టుకోండి. పొడవాటి ఊరు మనది. గాజువాక నుంచి మధురవాడకి పాతిక కిలోమీటర్ల దాకా ఉంటుంది. "వైజాగ్‌లోనే" అన్న మాట రోజూ క్లాసుకి రావాల్సినవాడికి చాలదు, ఏ జంక్షనో చెప్పాలి. గూగుల్ యాడ్స్‌లో అయితే లొకేషన్ ఆప్షన్ డిఫాల్ట్‌గా "ఆ చోట ఉన్నవాళ్లు లేదా ఆ చోటు మీద ఆసక్తి ఉన్నవాళ్లు" అని ఉంటుంది. అరకులో గదులు అమ్మేవాళ్లకి అది వరం, హైదరాబాద్‌లో కూర్చుని వెతికేవాళ్లే వాళ్ల కస్టమర్లు. ఎంవీపీ కాలనీలో టిఫిన్ డెలివరీకి అది శుద్ధ నష్టం. కోచింగ్ సెంటరు మధ్యలో ఉంటుంది: శ్రీకాకుళం, విజయనగరం నుంచి వెతికేవాళ్లూ చేరతారు. వాళ్లకి వేరే క్యాంపెయిన్ పెట్టి, హాస్టల్ గురించి చెప్పే పేజీకి పంపాలి.

వీడియో యాడ్‌కైతే హుక్ రేటు చూడండి: మూడు సెకన్లు చూసినవాళ్లని ఇంప్రెషన్లతో (యాడ్ ఎన్నిసార్లు కనిపించిందన్న లెక్క) భాగిస్తే వస్తుంది. ఇంప్రెషన్లు వేలల్లో ఉంటాయి కాబట్టి ఈ అంకె చిన్న బడ్జెట్‌లోనూ త్వరగా నిలకడకొస్తుంది. తక్కువుంటే మొదటి మూడు సెకన్లు మార్చాలి, వీడియో అంతా కాదు. బాగానే ఉండి లీడ్స్ రావడం లేదంటే లోపం ఆఫర్‌లోనో పేజీలోనో ఉందన్నమాట. ఒక్క మాట: కైలాసగిరి నుంచి తీసిన డ్రోన్ షాట్‌తో మొదలయ్యే ప్రతి లోకల్ యాడ్‌నీ నిషేధించాలి. ఆ దృశ్యం హైదరాబాద్ వాళ్లని ఆపుతుందేమో, రోజూ బీచ్ రోడ్డు మీద తిరిగేవాణ్ని ఆపదు. క్లాసులో కుర్రాడు ఎక్సెల్‌లో తప్పు ఫార్ములా కొట్టి తల గోక్కుంటున్న షాట్ ఆపుతుంది.

ఏ అంకెని నమ్మాలి

ట్రాకింగ్ గురించి రెండు ముక్కలు. యూటీఎం ట్యాగ్‌లలో (మనిషి ఏ యాడ్ నుంచి వచ్చాడో తెలియడానికి లింకు చివర తగిలించే మాటలు) పెద్దక్షరం చిన్నక్షరం తేడా ఉంటే జీఏ4 (సైట్‌కి వచ్చినవాళ్లని లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్) వేరువేరుగా లెక్కపెడుతుంది. అన్నీ చిన్నక్షరాలే అని నియమం పెట్టుకుని, లింకులు షీట్‌లోంచే తయారుచేయండి. సొంత సైట్ లోపలి లింకులకి యూటీఎం పెట్టొద్దు, లీడ్ అసలు ఎక్కడి నుంచి వచ్చిందన్న లెక్క తప్పుతుంది. జీఏ4 ప్రాపర్టీ టైం జోన్, యాడ్ అకౌంట్ టైం జోన్ రెండూ భారత కాలమానంలోనే ఉన్నాయా చూడండి. జీఏ4లో ఎక్స్‌ప్లోరేషన్ల (మనమే తయారుచేసుకునే లోతైన రిపోర్టులు) డేటా డిఫాల్ట్‌గా రెండు నెలలే నిలుస్తుంది, సెట్టింగ్స్‌లో 14 నెలలకి మార్చండి. ఎంత త్వరగా మారిస్తే అంత లాభం, పోయింది తిరిగి రాదు.

వాట్సాప్‌కి వెళ్లిపోయే యాడ్‌లకి యూటీఎం పనిచేయదు, ఎందుకంటే మనిషి మీ సైట్‌కే రాడు. దానికి పాత పద్ధతే మేలు: యాడ్ నొక్కగానే వాట్సాప్‌లో కనిపించే, ముందే నింపిన మెసేజ్‌లో ఒక గుర్తు మాట. "హాయ్, వీకెండ్ బ్యాచ్ వివరాలు కావాలి" అని ఒక యాడ్‌కి, "ఎక్సెల్ బ్యాచ్ వివరాలు కావాలి" అని ఇంకోదానికి. "కోడ్ టీ2" లాంటివి పెడితే చెరిపేస్తారు, మామూలు మాటలా ఉంటే ఉంచేస్తారు. పేపర్లో పెట్టి పంచే కరపత్రానికి వేరే ఫోన్ నంబరు ఇవ్వండి.

మెటా చూపించే లీడ్స్‌కీ జీఏ4లో కనిపించేవాటికీ పొంతన ఉండదు. మెటా డిఫాల్ట్‌గా క్లిక్ చేసిన 7 రోజుల్లో, లేదా ఊరికే చూసిన ఒక రోజులో జరిగినదాన్ని తన ఖాతాలో వేసుకుంటుంది. జీఏ4 లెక్క వేరు. రెండింటినీ కలపాలని రాత్రిళ్లు కూర్చోవద్దు. నిజం కౌన్సెలర్ రిజిస్టర్‌లో ఉంటుంది. దాన్ని షీట్‌లోకి తెచ్చి ఫలితం కాలమ్‌కి డ్రాప్‌డౌన్ పెట్టండి: ఎత్తలేదు, తప్పు నంబరు, తర్వాత చూస్తారు, డెమోకి వచ్చారు, చేరారు. ఈ అయిదు చాలు. పన్నెండు ఆప్షన్లు పెడితే కౌన్సెలర్ అన్నిటికీ మొదటిదే నొక్కేస్తుంది, ఆవిడ తప్పు కాదు.

ఇప్పుడు రెండు యాడ్‌లు ఒక్కోటి 8,400 రూపాయలతో నడిచాయనుకోండి. ఎక్సెల్ యాడ్‌కి 105 లీడ్స్, లీడ్‌కి 80 రూపాయలు. హాస్టల్ యాడ్‌కి 60 లీడ్స్, లీడ్‌కి 140. ఏజెన్సీ రిపోర్టు అయితే ఇక్కడే ఎక్సెల్ యాడ్‌కి దండ వేసేస్తుంది. చేరినవాళ్లు చూస్తే నలుగురు, ఆరుగురు. అడ్మిషన్‌కి 2,100, 1,400. ఓనరు ఎగిరి గంతేసి హాస్టల్ యాడ్ గెలిచిందంటాడు. అదీ తొందరే. నాలుగుకీ ఆరుకీ తేడా అదృష్టం వల్ల కూడా వస్తుంది.

మధ్య మెట్టు చూడండి. డెమోకి వచ్చినవాళ్లు 105లో 12 మంది, 60లో 21 మంది. 11 శాతానికీ 35 శాతానికీ మధ్య తేడా ఈ సంఖ్యల్లో కాకతాళీయంగా వచ్చే రకం కాదు. తీర్పుకి పనికొచ్చే అంకె ఎప్పుడూ ఇలాంటిదే: డబ్బుకి దగ్గరగా ఉండాలి, సంఖ్య మరీ పలచబడకూడదు. ఫర్నిచర్ షాపుకైతే షోరూంకి రావడం, క్లినిక్‌కైతే అపాయింట్‌మెంట్‌కి హాజరవడం. అదే మెట్టులో 85లో 17, 85లో 22 వచ్చుంటే? 20 శాతం, 26 శాతం. చూడ్డానికి బాగుంది, ఏమీ తేలలేదు. అలా అని రిపోర్టులో రాయడానికి సిగ్గుపడకండి.

తేలినప్పుడు కూడా ఎందుకో కౌన్సెలర్‌ని అడిగాకే తర్వాతి యాడ్ రాయండి. హాస్టల్ యాడ్ చూసి ఫోన్ చేసింది ఎక్కువగా నాన్నలేనని ఆవిడ చెప్పొచ్చు. అప్పుడు తర్వాతి టెస్ట్ తయారైనట్టే: నాన్నతో మాట్లాడే యాడ్‌లో ఫీజు వాయిదాలు ముందా, ప్రాక్టీసు ప్రాజెక్టులు ముందా.

రాసేటప్పుడు ఒక హద్దు ఉంది. 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ కోచింగ్ రంగంలో తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. ఎంపికైన విద్యార్థి ఫొటో, పేరు వాడాలంటే వాళ్లు ఎంపికయ్యాక రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. చేరేటప్పుడు ఫారంలో పెట్టించుకున్న సంతకం చెల్లదు. లేని తొందర పుట్టించే "నాలుగే సీట్లు" లాంటివీ కుదరవు. డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లో సమ్మతి పత్రాలు, పక్కన ఆ ఫొటో వాడిన యాడ్ లింకు పెట్టుకుంటే ఎవరడిగినా అయిదు నిమిషాల్లో చూపించొచ్చు.

వారం రిపోర్టు ఒక్క పేజీ: ఏమనుకున్నాం, ఎంత ఖర్చయింది, డెమోకి ఎంతమంది వచ్చారు, ఒక్కో డెమోకి ఎంత పడింది, వచ్చే వారం ఏం మారుస్తున్నాం. సీటీఆర్ (యాడ్ కనిపించిన సార్లలో నొక్కిన శాతం), రీచ్ (యాడ్ ఎంతమందికి కనిపించింది) కింద చిన్నక్షరాల్లో. ఉద్యోగం మారేటప్పుడు కూడా ఇవే పనికొస్తాయి: క్లయింటు పేరు తీసేసిన మూడు నాలుగు పేజీలు, వాటిలో ఏమీ తేలని టెస్ట్ ఒకటి ఉండేలా, పక్కన ఆ రెండు యాడ్‌ల బొమ్మలు.